అలాస్కా కొండల్లో గొర్రెల వేట: స్కౌటింగ్‌కి ఫోన్ ఒక్కటే సరిపోతుందా?

అలాస్కాలో చాలా చోట్ల డాల్ షీప్ వేట సీజన్ ఆగస్టు 10న మొదలై సెప్టెంబర్ 20తో అయిపోతుంది. డాల్ షీప్ అంటే తెల్లటి ఒళ్లు, మెలితిరిగిన కొమ్ములు ఉండే అడవి గొర్రె. తోడేలు కనపడగానే ఎక్కి తప్పించుకోవడానికి పక్కనే నిట్టనిలువు రాతిగోడ లేకపోతే ఇది ఆ చోట మేయదు. కాబట్టి దీన్ని వెతికేవాళ్లు ముందు కొండను చదవాలి. ఎక్కడ మేస్తాయి, ఎక్కడ పడుకుంటాయి, మనం ఎటు నుంచి ఎక్కగలం, ఎటు దిగగలం అని ముందే తేల్చుకోవడాన్నే స్కౌటింగ్ అంటారు. ఒకప్పుడు కాగితం మ్యాపుతో చేసిన ఈ పనిలో చాలా భాగం ఇప్పుడు యాప్‌లోనే అయిపోతోంది.

సియాటెల్‌లో ఉండే మా కాలేజీ సీనియర్ ఒకాయన ఈసారి తన టీమ్ లీడ్‌తో వెళ్తున్నాడు. లైసెన్స్ టీమ్ లీడ్‌ది, పక్కన గైడ్ ఉంటాడు, సామాను మోసేది మావాడు. "తమ్ముడూ, నా దగ్గర ఫ్లాగ్‌షిప్ ఫోన్ ఉందిగా. మ్యాప్, జూమ్, శాటిలైట్ ఎస్ఓఎస్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకేమైనా కొనాలా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఒక్కో పనీ విడిగా చూద్దాం.

ముందు ల్యాప్‌టాప్ మీద

మొదటి రౌండ్‌కి గూగుల్ ఎర్త్ చాలు, అదీ ఫ్రీ. కొండను త్రీడీలో వంచి చూస్తే మూడు విషయాలు వెతకాలి: పచ్చటి మేత ఉన్న వాలు, దానికి ఆనుకుని రాతిగోడ, ఆ పైన పడుకుని కిందంతా చూడగలిగే గట్టు. ఇమేజ్ బాగా క్లియర్‌గా ఉన్న చోట గొర్రెలు నడిచి నడిచి పడిన సన్నటి బాటలు కూడా కనిపిస్తాయి. గొర్రె మాత్రం కనిపించదు. ఫ్రీగా దొరికే సెంటినెల్-2 ఫొటోల్లో ఒక్క పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. అవి మంచు ఎంత కరిగిందో చూసుకోవడానికి పనికొస్తాయి, అంతే.

ఇంకో సంగతి. ఈ గొర్రెల చూపు చాలా చురుకు, ఎక్కువసేపు కిందికే చూస్తుంటాయి. అందుకే వేటగాళ్లు వీలైతే వాటి కంటే పైకి చేరే దారి వెతుకుతారు. ఎండెక్కాక గాలి వాలు మీదుగా పైకి వీస్తుంది, అప్పుడు పైనున్న మనిషి వాసన వాటికి అందదు. చల్లటి పొద్దుట పూట గాలి కిందికి జారుతుంది, లెక్క తిరగబడుతుంది. కాబట్టి మ్యాప్‌లో దారి గీసేటప్పుడు అక్కడికి ఏ టైమ్‌కి చేరతామో కూడా రాసుకోవాలి.

స్లోప్ కలర్‌ని ఎంత నమ్మొచ్చు?

కాల్‌టోపో, ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లలో స్లోప్ యాంగిల్ లేయర్ ఆన్ చేస్తే వాలును బట్టి రంగులు పడతాయి. 35 డిగ్రీల దగ్గరికొస్తే వదులు రాళ్లు కాలి కింద జారడం మొదలుపెడతాయి. 45 దాటితే చేతులు కూడా వాడాల్సిందే. రంగు లేని చోట హాయిగా నడవొచ్చు అనిపిస్తుంది. తేడా కొట్టేది ఇక్కడే.

ఆ రంగు వచ్చేది ఎత్తుల డేటా నుంచి. ఆ డేటాలో గడి సైజు 30 మీటర్లు అనుకోండి. మధ్యలో 15 మీటర్ల నిలువు గోడ ఉంది, అంటే ఐదంతస్తుల బిల్డింగ్ అంత. దానికి అటూ ఇటూ నేల చదునుగా ఉంది. 30 మీటర్ల దూరంలో 15 మీటర్ల ఎత్తు అంటే లెక్కలో వచ్చే వాలు సుమారు 27 డిగ్రీలే. చాలా యాప్‌లలో వార్నింగ్ రంగులు ఈ మార్కు దాటాకే మొదలవుతాయి. నిజంగా అక్కడికెళ్తే ఎదురుగా గోడ. ఇదేమీ బగ్ కాదు, సగటు తీస్తే జరిగేది అదే.

అలాస్కాలో దీనికి ఇంకో మెలిక ఉంది. ప్రపంచమంతా ఎక్కువగా వాడే ఎస్ఆర్‌టీఎం ఎత్తుల డేటాను 2000లో స్పేస్ షటిల్ సేకరించింది. ఉత్తరాన అది 60వ అక్షాంశంతో ఆగిపోతుంది. డాల్ షీప్ ఉండే కొండలు దాదాపు అన్నీ ఆ గీతకి పైనే. అమెరికా జియలాజికల్ సర్వే మాత్రం అలాస్కాకి విడిగా రాడార్ సర్వే చేయించి 5 మీటర్ల డేటా ఇచ్చింది. కాబట్టి యాప్ కొనేముందు అందులో ఎత్తుల డేటా ఎక్కడిది అని చూడండి. స్టార్ రేటింగ్ కంటే ఇది ముఖ్యం. డేటా ఎంత మంచిదైనా ముఖ్యమైన దారికి ఇంకో దారి బ్యాకప్‌గా ఉండాలి. అలాస్కా రూల్ ప్రకారం తినదగ్గ మాంసమంతా కిందికి మోసుకురావాల్సిందే. ఖాళీ చేతులతో ఎక్కగలిగిన వాలు, వీపున బరువుతో దిగేటప్పుడు అలా ఉండదు.

100ఎక్స్ జూమ్ వర్సెస్ స్పాటింగ్ స్కోప్

చాలా ప్రాంతాల్లో ఏ పొట్టేలును పడితే దాన్ని కొట్టకూడదు. కనీసం ఒక కొమ్ము పూర్తిగా 360 డిగ్రీల చుట్టు తిరగాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదా వయసు 8 ఏళ్లు నిండాలి. వయసు తెలిసేది కొమ్ము మీద ఏడాదికొకటి చొప్పున పడే గాళ్లను లెక్కపెట్టి. తప్పు లెక్కేస్తే చిన్న వయసు పొట్టేలు పోతుంది, కొట్టినవాడి మీద కేసు పడుతుంది. పైగా ఇటీవలి సంవత్సరాల్లో అలాస్కాలో వీటి సంఖ్య బాగా తగ్గింది.

ఈ పనికి ఫోన్ జూమ్ సరిపోదు. 100ఎక్స్‌లో చాలా భాగం క్రాప్ చేసి సాఫ్ట్‌వేర్‌తో నునుపు చేసిన బొమ్మే. కొమ్ము మీద లేని గాడిని అది చూపించొచ్చు, ఉన్నదాన్ని తుడిచేయొచ్చు. 20-60ఎక్స్ స్పాటింగ్ స్కోప్ కావాల్సిందే. 85 మి.మీ. లెన్స్ ఉన్నదాన్ని 60ఎక్స్‌లో పెడితే కంటికి చేరే కాంతి వలయం 1.4 మి.మీ. మాత్రమే, సాయంత్రం అయితే బొమ్మ మసకబారుతుంది. 30ఎక్స్‌కి తగ్గిస్తే అది 2.8 మి.మీ. అవుతుంది.

ఫోన్‌కి ఇక్కడ వేరే ఉద్యోగం ఉంది. అడాప్టర్‌తో స్కోప్‌కి తగిలించి వీడియో తీయండి. తర్వాత తీరిగ్గా పాజ్ చేస్తూ గైడ్‌తో కలిసి గాళ్లు లెక్కపెట్టొచ్చు.

ఎస్ఓఎస్: 62 దగ్గర గీత

అన్నిటికంటే ముఖ్యమైన పాయింట్ ఇదే. ఐఫోన్ 14తో 2022 నవంబర్‌లో వచ్చిన శాటిలైట్ ఎస్ఓఎస్ గ్లోబల్‌స్టార్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. ఆ శాటిలైట్ల కక్ష్య భూమధ్యరేఖకి 52 డిగ్రీల వాలులో ఉంటుంది, అంటే అవి అంతకంటే ఉత్తరానికి వెళ్లవు. 62 డిగ్రీల అక్షాంశం దాటితే ఈ ఫీచర్ పనిచేయకపోవచ్చని యాపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది. ఆంకరేజ్ పక్కనున్న చుగాచ్ కొండలు 61 దగ్గర ఉన్నాయి, ఓకే అనుకుందాం. అలాస్కా రేంజ్ 63 దగ్గర, బ్రూక్స్ రేంజ్ 68 దగ్గర.

పిక్సెల్ 9 లాంటివి వాడేది భూమధ్యరేఖ మీద కదలకుండా నిలిచే శాటిలైట్లను. 68 డిగ్రీల దగ్గర నిలబడితే అవి దక్షిణాన ఆకాశంలో మహా అయితే 13 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. ముందు ఒక గట్టు అడ్డొస్తే సిగ్నల్ పోయినట్టే.

గార్మిన్ ఇన్‌రీచ్ వాడేది ఇరిడియం. 66 శాటిలైట్లు, దాదాపు ధ్రువాల మీదుగా తిరుగుతాయి, కాబట్టి ఉత్తరానికి వెళ్లేకొద్దీ కవరేజ్ మెరుగవుతుంది. ఇన్‌రీచ్ మినీ 2 బరువు 100 గ్రాములు. పైగా ఫోన్ బ్యాటరీ అయిపోయినా ఇది విడిగా బతికి ఉంటుంది. ఐఫోన్‌కి యాపిల్ చెప్పే వాడకం పరిధి 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. సెప్టెంబర్ రాత్రుల్లో అక్కడ సున్నా కిందికి పోవడం మామూలే. ఫోన్, పవర్‌బ్యాంక్ రెండూ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి.

ఉన్నా వాడకూడనివి

డ్రోన్‌తో జంతువును వెతకడం అలాస్కాలో 2014 నుంచి నిషేధం. విమానంలో ఎగిరిన రోజున వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా ఆగాలి. శాటిలైట్ ఫోన్‌లో "పొట్టేలు ఎడమ పక్కకి వెళ్లింది" అని చెప్పి వేటకి సాయం చేయడం కూడా నేరమే. ప్రమాదంలో ఎస్ఓఎస్ నొక్కడం మాత్రం ఓకే.

ఫైనల్‌గా

మా సీనియర్‌కి చెప్పింది ఇదే. ఫోన్ ఉంచుకో, ఆఫ్‌లైన్ మ్యాప్‌లు ఇంట్లోనే దింపుకో. స్కోప్ గైడ్ దగ్గర ఉంటుంది కాబట్టి అడాప్టర్ ఒక్కటి కొనుక్కో. డబ్బులు పెట్టాల్సింది ఇరిడియం డివైస్ మీద. కొనడం ఎందుకు అనుకుంటే అద్దెకి తీసుకో.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి వేట కుదరదు. లడఖ్‌లో అడవి గొర్రెలున్నా కెమెరాతో చూడటానికే. హిమాలయాల్లో ట్రెక్‌కి వెళ్లేవాళ్లకి స్లోప్ కలర్ లెక్క మాత్రం అచ్చంగా ఇదే. ఒక్క జాగ్రత్త: అనుమతి లేకుండా ఇరిడియం డివైస్‌ని ఇండియాలో వాడటం చట్టవిరుద్ధం. అమెరికా నుంచి వచ్చే అన్నయ్య బ్యాగులో ఇన్‌రీచ్ ఉంటే, దాన్ని అక్కడే వదిలి రమ్మనండి.