కిటికీ తెరకు పట్టిన ధూళి

షాబాన్ నెలవంక కనిపించిందంటే ముస్లిం కుటుంబాల్లో ఇంటి పని రెండింతలవుతుంది. రంజాన్ వచ్చేలోగా గోడలకు సున్నం కొట్టించాలి, అటక మీది సామాను దించాలి, వంటింటి డబ్బాలు తోమాలి, జానమాజులు ఉతికి ఆరేయాలి. ఈ జాబితాలో అన్నిటికంటే చివరికి మిగిలేది కిటికీ తెర. గుడ్డ పరదా అయితే విప్పి సబ్బు నీళ్లలో నానేస్తారు. వెదురు చిలమనో, అల్యూమినియం పట్టీల బ్లైండో అయితే మాత్రం "తర్వాత చూద్దాం లే" అని వదిలేస్తారు. ఆ "తర్వాత" ఈద్ చంద్రుడు కనిపించే రాత్రి దాకా రాదు. అప్పుడు ఎవరో ఒకరు, చాలా ఇళ్లలో తల్లే, స్టూలు ఎక్కి చీపురుతో దబదబా నాలుగు దెబ్బలు కొడుతుంది. ఏడాది పాటు పేరుకున్న ధూళి ఆమె ముఖం మీద, ఆరబెట్టిన సేమ్యాల మీద, మంచంలో పడుకున్న ముసలాయన మీద పడుతుంది. ఇంటిల్లిపాదీ తుమ్ములు మొదలుపెడతారు.

పాత ఇళ్ల వరండాల్లో వెదురు పుల్లల చిలమన్లు వేలాడేవి. లోపల కూర్చున్నవారికి వీధి కనిపిస్తుంది, వీధిలో పోయేవారికి లోపలివారు కనిపించరు. గాలికి అడ్డు లేదు, ఇంటి గుట్టుకు లోటు లేదు. ఇప్పుడు అపార్టుమెంట్లు వచ్చాయి. ఒకరి పడకగది కిటికీ ఎదురుగా పది అడుగుల దూరంలో మరొకరి వంటింటి కిటికీ ఉంటుంది. కాబట్టి చిలమన్ చేసే పనిని బ్లైండు చేస్తోంది. అంగుళం వెడల్పు పట్టీలు అడ్డంగా ఉండే వెనీషియన్ బ్లైండు, నిలువు గుడ్డ పట్టీల వర్టికల్ బ్లైండు, పైకి చుట్టుకుపోయే రోలర్ బ్లైండు... పేరు ఏదైనా మన ఇళ్లలో దాని అసలు ప్రయోజనం ఒక్కటే, అదే పరదా.

ఈ తెరకు ఇస్లాం ఇచ్చిన విలువ చిన్నదేమీ కాదు. ఇతరుల ఇళ్లలోకి అనుమతి తీసుకోకుండా, ఇంటివారికి సలాం చేయకుండా ప్రవేశించరాదని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశిస్తోంది. ప్రవక్త ముహమ్మద్ (స) గదిలోకి ఒకతను తలుపు రంధ్రం గుండా తొంగి చూసిన సంఘటనను హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించారు. అనుమతి కోరాలన్న నియమం పెట్టిందే చూపును కాపాడటం కోసమని ఆ సందర్భంలో ప్రవక్త (స) ఆ మనిషిని గట్టిగా హెచ్చరించారు. తలుపు సందుకు వర్తించిన మాట కిటికీకి వర్తించదా? కాబట్టి బ్లైండు దించి శుభ్రం చేసే రోజున ఆ కిటికీకి పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టుకోవాలి. ఎదురింటివారు తెర దించిన రోజున మన చూపు మనం దించుకోవాలి. ఈ రెండో మాట మగపిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసి ఉంటుంది.

అయితే గుట్టు కాపాడే ఈ తెరే రోజంతా మూసి ఉండటం వల్ల ధూళికి నిలయమవుతుంది. లెక్క వేసి చూడండి. నాలుగు అడుగుల ఎత్తు కిటికీకి అంగుళం పట్టీలు దాదాపు 55 నుంచి 60 దాకా పడతాయి. ఒక్కొక్కదానికీ రెండు వైపులు. అంటే ఒక్క కిటికీలో వందకు పైగా చిన్న చిన్న అరలు పరచి, వాటి మీద ధూళి పోస్తున్నట్టే లెక్క. ఫ్యాను వేసిన ప్రతిసారీ అందులో కొంత లేచి మళ్లీ గదిలో తిరుగుతుంది. మగవారు ఉదయం పనికి వెళ్లి రాత్రికి వస్తారు. ఆ గాలిని పగలంతా పీల్చేది ఇంట్లో ఉండే ఆడవారు, పసిపిల్లలు, వయసు మళ్లినవారు. ఉబ్బసం ఉన్నవారికి పిల్లికూతలతో ఆయాసం రావడానికి ఈ ధూళి చాలు. మన చర్మం నుంచి రాలే పొట్టును తిని బతికే, కంటికి కనిపించని ధూళి పురుగులు బరువైన గుడ్డ పరదాల్లో, పరుపుల్లో చేరతాయి. వాటి విసర్జకాలే చాలామందికి పడవు. అందుకే ఉబ్బసం ఉన్నవారి గదిలో మందపాటి మఖ్మల్ పరదాల కంటే తుడవడానికి వీలైన బ్లైండు మేలు. తుడిస్తేనే సుమా!

ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాలి. ధూళి పట్టిన తెర ఉన్న గదిలో నమాజు చెల్లుతుందా అని కొందరు పెద్దవాళ్లు అడుగుతుంటారు. షరీఅత్ దృష్టిలో ధూళి నజాసత్ కాదు. నీళ్లు దొరకనప్పుడు పరిశుద్ధమైన మట్టితోనే కదా తయమ్ముమ్ చేస్తాం! అలాగే ఇల్లు దులుపుతున్నప్పుడు ధూళి తనంతట తాను గొంతులోకి పోయినా ఉపవాసం భంగం కాదని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. కాబట్టి నమాజుకూ, రోజాకూ దీనివల్ల వచ్చిన ముప్పు లేదు. ముప్పంతా ఊపిరితిత్తులకే. ఉపవాసంతో గొంతు ఎండిపోయి ఉన్నప్పుడు మందు పీల్చుకోవడానికి కూడా వెనకాడే ఉబ్బసం రోగులు మన ఇళ్లలో ఉన్నారు. ఈ పనిని రంజాన్‌లోకి లాగకుండా షాబాన్‌లోనే ముగించమనడానికి కారణం అదే.

పని ఎలా చేయాలి?

ముందుగా చీపురు పక్కన పెట్టండి. పొడి చీపురుతో కొడితే ధూళి చోటు మారుతుందే తప్ప పోదు. గదిలోని పరుపుల మీద, ఖుర్ఆన్ ఉంచిన అల్మరా మీద పాత చాదర్లు కప్పండి. ఫ్యాను ఆపండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోండి. ఉబ్బసం ఉన్నవారిని ఆ రెండు గంటలు వేరే గదిలోకి పంపండి.

వెనీషియన్ బ్లైండును పూర్తిగా కిందికి దించి, తిప్పే కడ్డీతో పట్టీలన్నీ ఒకదానిమీద ఒకటి వాలేటట్టు మూయాలి. అప్పుడది పలకలా అవుతుంది. మెత్తటి పొడి గుడ్డతో పైనుంచి కిందికి తుడవాలి. కడ్డీని ఎదురువైపుకు తిప్పి రెండో ముఖాన్నీ అలాగే తుడవాలి. ఈ పొడి తుడుపు అయ్యాకే తడి ముట్టుకోవాలి. మొదటే తడి గుడ్డ పెడితే ధూళి బురదై పట్టీల మీద చారలు కడుతుంది. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడ షమాల్ గాలులు వీచిన మర్నాడు కిటికీల మీద పిండిలాంటి సన్నటి ఇసుక చేరుతుంది. దాన్ని వాక్యూమ్‌తోనో, మెత్తటి బ్రష్‌తోనో తీసేశాకే నీళ్ల జోలికి వెళతారు.

తర్వాత గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండాలి. పాత మేజోడు చేతికి తొడుక్కుంటే మరీ తేలిక. పట్టీని రెండు వేళ్ల మధ్య పెట్టి ఒక చివర నుంచి మరో చివరకు లాగితే రెండు వైపులా ఒకేసారి శుభ్రమవుతుంది. వెంటనే పొడి గుడ్డతో తడి లాగేయాలి. వంటింటి కిటికీ బ్లైండుకు తాలింపు జిడ్డు పట్టి ఉంటుంది. అది వదలడానికి కొందరు చాకలి సోడా వాడతారు. అల్యూమినియానికి సోడా పడదు, మెరుపు పోయి నల్లబడుతుంది. సబ్బు ద్రవమే కాస్త ఎక్కువ వేసి, తడి గుడ్డను రెండు నిమిషాలు అద్ది ఉంచితే జిడ్డు నానుతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ కలిపే దుస్సాహసం మాత్రం ఎన్నడూ చేయవద్దు. అందులోంచి వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణం మీదికి తెస్తుంది.

బ్లైండును ఊడదీసి నీళ్ల కింద పెట్టడం నాకు నచ్చని పద్ధతి. పైనున్న పెట్టెలోని యంత్రం తడిసి తుప్పు పడుతుంది, తాళ్లు మురికి పీల్చుకుంటాయి. పైగా బకెట్లకు బకెట్లు నీళ్లు ఖర్చు. ప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే రెండు చేతుల దోసిలి నిండేంత కొలతతో, వుజూ చేసేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం. వుజూకే అంత పొదుపు పాటించినవారి అనుయాయులం మనం. ఒక కిటికీకి అర బకెట్టు నీళ్లు చాలు.

కొయ్య బ్లైండుకు తడి తగ్గించాలి, నీరు తాగితే పట్టీలు వంకర పోతాయి. వర్టికల్ బ్లైండు గుడ్డ పట్టీలను కొక్కేల నుంచి తీసి సబ్బు నీళ్లలో కాసేపు నానబెట్టి, పిండకుండా వేలాడదీస్తే చాలు. వెదురు చిలమన్‌ను మాత్రం మిద్దె మీదికి తీసుకువెళ్లి, పుల్లల వెంట మెత్తటి బ్రష్‌తో దులిపి, తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఉంచాలి. తడి ఆరకముందే చుట్టి కడితే లోపల బూజు పడుతుంది. గుడ్డ పరదాలను, రంగు ఊడనివైతే, 55 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లలో ఉతికితే ధూళి పురుగులు చస్తాయి.

పావురాలు వాలే కిటికీ అయితే మరికొంత జాగ్రత్త అవసరం. ఎండిన రెట్టను గీకితే లేచే పొడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ముందు నీళ్లు చిలకరించి మెత్తబరిచాకే తీయాలి.

తాళ్ల సంగతి

శుభ్రం చేస్తున్నప్పుడు తప్పకుండా చూడవలసినది బ్లైండు తాడు. ఉచ్చులా వేలాడే ఈ తాళ్లు మెడకు బిగుసుకుని పసిపిల్లలు మరణించిన ఉదంతాలు అనేక దేశాల్లో ఉన్నాయి. అది నిశ్శబ్దంగా, నిమిషాల్లో జరిగిపోతుంది. పక్క గదిలో ఉన్న తల్లికి కూడా వినిపించదు. అందుకే అమెరికాలో దుకాణాల్లో సిద్ధంగా అమ్మే బ్లైండ్లు తాడు లేకుండానే ఉండాలని 2018లో ప్రమాణం తెచ్చారు. మన ఇంట్లో ఉన్నది పాతదైతే తాడును పిల్లలకు అందని ఎత్తులో గోడకు కొక్కెం కొట్టి చుట్టిపెట్టాలి. ఊయలను, దివాన్‌ను కిటికీ దగ్గర నుంచి జరపాలి. ఈద్‌కు ఇంటినిండా మనవలు, మనవరాళ్లు చేరతారు. మన పిల్లలకు ఆ తాడు అలవాటే అయినా వచ్చిన పిల్లలకు అది కొత్త ఆటవస్తువు.

పాత ప్లాస్టిక్ బ్లైండ్ల విషయంలో మరో సంగతి. 1996లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం విదేశాల నుంచి వచ్చిన కొన్ని వినైల్ బ్లైండ్లలో సీసం ఉన్నట్టు తేల్చింది. ఎండకు, వేడికి ప్లాస్టిక్ చివికి సీసపు ధూళి పట్టీల మీదికి వస్తుంది. పిల్లలు తాకి ఆ వేళ్లు నోట్లో పెట్టుకుంటే విషం లోపలికి పోతుంది. ఆనాటి ప్లాస్టిక్ బ్లైండు పెళుసుబారి ఇంకా వేలాడుతుంటే, పిల్లలున్న ఇంట్లో దాన్ని తుడుస్తూ కూర్చోవద్దు, తీసేయండి.

ఎవరి పని?

ఇంతకీ ఈ పని ఎవరు చేయాలి? స్టూలు ఎక్కవలసిన పని ఇది. మోకాళ్ల నొప్పులున్న తల్లి చేయవలసినది కాదు. ఇంట్లో ఉన్నప్పుడు ప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, తన ఇంటివారి పనుల్లో ఉండేవారని, నమాజు వేళ కాగానే వెళ్లేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. మస్జిదెనబవీని ఊడ్చే ఒక స్త్రీ మరణిస్తే, చిన్న విషయంగా తలచి సహాబాలు ఆయనకు తెలపకుండానే ఖననం చేశారు. కొన్నాళ్లకు ఆమె కనిపించలేదని ప్రవక్తే (స) వాకబు చేసి, సమాధి దగ్గరకు వెళ్లి ఆమె కోసం నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ హదీసును జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. విని ఇంటికొచ్చి, భోజనం చేసి పడుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత ఒక్క కిటికీ, మరుసటి వారం మరొకటి చొప్పున తండ్రీ కొడుకులు పట్టుకుంటే షాబాన్ ముగిసేలోగా నాలుగు కిటికీలూ అయిపోతాయి. ఆపైన వారానికోసారి పొడి గుడ్డ తిప్పితే ఏడాదంతా అంత పెద్ద పని మిగలదు. పనిమనిషి చేత చేయిస్తే ఆ రోజుకు వేరుగా కూలి ఇవ్వాలి, మూతికి కట్టుకోవడానికి గుడ్డా ఇవ్వాలి.

ఇక పనికిరాకుండా పోయిన పాత పరదాలు. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో బొమ్మలున్న తెర ఒకటి వేలాడదీస్తే, ప్రయాణం నుంచి వచ్చిన ప్రవక్త (స) దాన్ని ఇష్టపడక లాగేశారు. ఆమె ఆ గుడ్డను పారేయలేదు, ఒకటో రెండో దిండ్లుగా కుట్టారు. మీ ఇంట్లో చిరిగిన పరదా ఉంటే గట్టిగా ఉన్న భాగం దిండు గలీబుకు వస్తుంది. మిగతా దాన్ని జానెడు జానెడు ముక్కలు కత్తిరించి పెట్టుకోండి. చాలాసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డ నీళ్లను బాగా పీలుస్తుంది, నూగు వదలదు. బ్లైండు పట్టీలు తుడవడానికి బజారులో దొరికే ఏ గుడ్డా దానికి సాటిరాదు.