ఫోటోలో ఇసుక చల్లినదెవరు?

ముత్యంపేటలో పట్టపగలు నిలబడి కొండగట్టును ఫోటో తీయండి. ఆకాశం నున్నగా, నీలంగా వస్తుంది. చీకటి పడ్డాక అదే చోట, అదే కెమెరాతో, అదే కొండను మళ్లీ తీయండి. ఆ ఫోటోను కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూస్తే, ఆకాశమంతా ఎవరో సన్నని ఇసుక చల్లినట్లు ఎరుపు, పచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. కెమెరా కొత్తదే. కటకం మీద దుమ్ము లేదు. మరి ఈ చుక్కలు ఎక్కడివి? వీటిని పోగొట్టే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి కదా, వాటిలో దేన్ని ఎంచుకోవాలి? మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండోది సులువవుతుంది.

గింజలతో ఒక ప్రయోగం

ఒక అట్టపెట్టె మూతలో 25 సమానమైన గళ్లు గీయండి. 100 బియ్యపు గింజలు లెక్కపెట్టి, పైనుండి చెల్లాచెదురుగా పడేట్లు చల్లండి. సగటున గడికి 4 గింజలు పడాలి. కాని లెక్కించి చూడండి: ఒక గడిలో 1, మరొక దానిలో 7, ఇంకొక దానిలో 3 ఉంటాయి. మీరు ఏ గడి మీదా పక్షపాతం చూపలేదు. అయినా లెక్క సమానంగా రాలేదు.

కెమెరాలో జరిగేదీ ఇదే. కటకం వెనుక ఉండే సెన్సరు లక్షల, కోట్ల చిన్న గళ్లున్న పలక. కాంతి ఫోటాన్లు అనే కణాలుగా వచ్చి ఆ గళ్లలో పడుతుంది. సగటున 10,000 ఫోటాన్లు పడే చోట లెక్క సుమారు 100 అటూ ఇటూ అవుతుంది. అంటే నూటికి ఒకటి. అది కంటికి ఆనదు. సగటున 100 ఫోటాన్లే పడే చోట లెక్క సుమారు 10 అటూ ఇటూ అవుతుంది. అంటే నూటికి పది. ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఈ తేడా ఆ సంఖ్యకు వర్గమూలమంత ఉంటుందని గమనించారా? ఇంజనీర్లు దీనిని 'నాయిస్', అనగా రొద, అంటారు. సెన్సరు వేడి, దాని విద్యుత్ పరికరాలు మరికొంత రొదను కలుపుతాయి.

ఐ.ఎస్.ఓ. సంఖ్య పెంచితే చీకట్లో కూడా ఫోటో వెలుతురుగా వస్తుంది. కాని అలా చేస్తే కాంతి పెరగదు. వచ్చిన కొద్దిపాటి లెక్కనే కెమెరా హెచ్చిస్తుంది. దానితోపాటు ఎగుడుదిగుళ్లూ హెచ్చుతాయి.

పచ్చి ఫైలు, వండిన ఫైలు

మామూలుగా కెమెరా మనకిచ్చే జేపెగ్ ఫోటో వండిన కూర వంటిది. రంగులు సరిదిద్ది, రొదను కొంత తుడిచి, మిగిలిన సమాచారాన్ని పారవేసి కెమెరాయే దానిని తయారు చేస్తుంది. అందులో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి. 'రా' ఫైలు అంటే పచ్చి ఫైలు. సెన్సరు లెక్కలు దాదాపు ఉన్నవి ఉన్నట్లే ఇందులో ఉంటాయి. 12 బిట్ల ఫైలులో 4,096 మెట్లు, 14 బిట్ల ఫైలులో 16,384 మెట్లు. కూరలో ఉప్పు ఎక్కువైతే తీయలేము. పచ్చి కూరగాయలు చేతిలో ఉంటే మళ్లీ వండుకోవచ్చు.

ఒక తెలుగువాడు గీసిన హద్దు

రొదను ఎంతవరకు తగ్గించవచ్చు? ఇటువంటి ప్రశ్నలకు పునాది వేసినవారిలో ఒకరు కల్యంపూడి రాధాకృష్ణారావు. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో పనిచేస్తూ 1945లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఏ పక్కకూ మొగ్గని అంచనా పద్ధతి ఏదైనా సరే, అందులోని తప్పు ఒక హద్దు కంటే తగ్గదని, ఆ హద్దు కొలతలలోని సమాచారం మీద ఆధారపడి ఉంటుందని చూపారు. స్వీడన్ గణితవేత్త క్రామెర్ కూడా విడిగా దీనిని కనుగొన్నారు. అందుకే దీనిని 'క్రామెర్–రావు హద్దు' అంటారు. రావుగారు 2023లో కన్నుమూశారు.

దీని అర్థమేమిటి? ఆ హద్దు దాటి ఫోటోను నున్నగా చేయాలంటే సాఫ్ట్‌వేరు బయటి నుండి ఏదో ఒక ఊహ తెచ్చుకోక తప్పదు. 'పక్కపక్క గళ్లు ఒకేలా ఉంటాయి' అన్నది పాత ఊహ. ఎన్నో ఫోటోలు చూపి శిక్షణ ఇచ్చిన కృత్రిమ మేధ సాఫ్ట్‌వేరు 'ఇలాంటి చోట మామూలుగా ఇలా ఉంటుంది' అని ఊహిస్తుంది. ఊహ తరచు సరిపోతుంది, ఎల్లప్పుడూ కాదు.

ఉదాహరణకు, పసుపు చేనులో ఆకుమచ్చ తెగులు అప్పుడే మొదలైందనుకోండి. సందెవేళ ఆకును ఫోటో తీసి జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధన స్థానానికి చూపించాలి. ఆకు మీది చిన్న చుక్కలను రొద అనుకొని సాఫ్ట్‌వేరు తుడిచివేస్తే? ఫోటో అందంగా ఉంటుంది. తెగులు మాత్రం కనిపించదు!

ఎంచుకునే ముందు అడగవలసినవి

మొదటిది: అది మీ కెమెరా రా ఫైలును తెరుస్తుందా? ఒక్కొక్క కంపెనీ ఫైలు ఒక్కొక్క తీరు. కెమెరా కొత్తదై, సాఫ్ట్‌వేరు పాతదైతే తెరుచుకోకపోవచ్చు. అప్పుడు కెమెరా కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేరే మొదటి దారి.

రెండోది: అసలు ఫైలును ముట్టకుండా మార్పులను విడిగా రాసుకుంటుందా? మంచి రా సాఫ్ట్‌వేర్లు ఇలాగే చేస్తాయి. డార్క్‌టేబుల్, రాథెరపీ అనేవి రెండూ ఇటువంటివే. పైగా ఉచితం. డబ్బు కట్టవలసినవాటిని కొనేముందు వీటిని వాడి చూడండి.

మూడోది: రొదను ఎంత తగ్గించాలో మీరే నిర్ణయించే వీలుందా? రంగు చుక్కలకు, నలుపు తెలుపు చుక్కలకు వేరువేరు మీటలుంటే మంచిది. రంగు చుక్కలను గట్టిగా తగ్గించినా నష్టం తక్కువ. రెండో రకాన్ని గట్టిగా తుడిస్తే సన్నని గీతలూ పోతాయి.

పరీక్ష మీరే పెట్టండి

సిరిసిల్ల మగ్గం గుడ్డ ముక్కను గోడకు బిగించండి. కెమెరాను కదలకుండా నిలిపి, ఎండ వెలుతురులో తక్కువ ఐ.ఎస్.ఓ.తో ఒక ఫోటో, మసక వెలుతురులో ఎక్కువ ఐ.ఎస్.ఓ.తో మరొకటి తీయండి. రెండో ఫోటోను మాత్రమే ఒక్కొక్క సాఫ్ట్‌వేరుతో శుభ్రం చేసి, పూర్తి పరిమాణంలో మొదటి దాని పక్కన పెట్టి చూడండి. పడుగు, పేక పోగులు చెరిగిపోయాయా? లేని పోగులు కొత్తగా పుట్టాయా? పోగులను ఉన్నవి ఉన్నట్లు నిలిపిన సాఫ్ట్‌వేరే మీకు తగినది. కాస్త ఇసుక మిగిలినా ఫరవాలేదు.

ఇంకొక మాట. ఏ సాఫ్ట్‌వేరు కంటే కూడా మేలైన మందు మరింత కాంతి. కదలని వస్తువైతే స్టాండు వాడి, ఎక్కువసేపు కాంతిని పడనివ్వండి. లేదా ఒకే దృశ్యాన్ని 16 సార్లు తీసి సగటు చేయండి. రొద నాలుగో వంతుకు తగ్గుతుంది. 16కు వర్గమూలం ఎంతో మీకు తెలుసు కదా! ఇందులో ఊహ ఏమీ లేదు, ఉన్నదంతా కొలతే.