కోతమిషన్‌కు ఉన్న తొందర మ్యాన్‌హోల్‌కు ఎందుకు లేదు?

కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలను మింగేస్తుందన్న ఆందోళన కొంతకాలంగా మన పత్రికల్లో, టీవీ చర్చల్లో, కళాశాల సెమినార్లలో ప్రధానాంశమైంది. ఈ ఆందోళన సహేతుకమైనదే. భూమి అమ్మి, అప్పు చేసి పిల్లలను ఇంజనీరింగ్ చదివించిన కుటుంబాలు రెండు తెలుగు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని వాటిలో మొదటిసారి డిగ్రీ ముఖం చూసిన దళిత, బహుజన కుటుంబాలూ ఉన్నాయి. కానీ మొన్న తరగతి గదిలో ఈ విషయం మీదే చర్చ జరుగుతుంటే వెనుక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, ‘సార్, మా అమ్మ పని మిషన్ వచ్చి ఎప్పుడో పోయింది, అప్పుడు ఎవరూ సెమినార్ పెట్టలేదు’ అంది. ఆ అమ్మాయి తల్లి వరి కోసే కూలీ. ఆ తర్వాత చర్చ ముందుకు సాగలేదు.

యంత్రం వస్తే ఉద్యోగాలు పోతాయా, కొత్తవి వస్తాయా అన్న ప్రశ్నను అర్థశాస్త్రం రెండు వందల ఏళ్లుగా అడుగుతూనే ఉంది. మన దేశంలో దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. యంత్రం ఏ పనిలోకి ముందు వస్తుంది? ఏ పనిలోకి ఎంతకాలానికీ రాదు? పని ఎంత కష్టమైనదో, ఎంత ప్రాణాంతకమైనదో చూసి యంత్రం వచ్చేటట్లయితే అది మొట్టమొదట మ్యాన్‌హోల్ దగ్గరికి వచ్చి ఉండాలి. అలా జరగలేదు. వరిచేలోకి వచ్చింది. ఆ తేడాకు కారణం యంత్రాల తయారీలో వెతికితే దొరకదు. పని చేసే మనిషికి సమాజం కట్టిన ధరలో వెతకాలి.

వరికోత సంగతి ముందు చూద్దాం. కోయడం, పనలు వేయడం, కట్టలు కట్టడం, మోసి కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం వంటి పనులన్నీ రెండు మూడు దశాబ్దాల క్రితం వరకు మనుషులే చేసేవారు. అందులో కోత ప్రధానంగా స్త్రీలది. ఆ స్త్రీలలో అత్యధికులు మాల, మాదిగ వాడల నుంచి, భూమి లేని వెనుకబడిన కులాల నుంచి వచ్చినవారు. కోతల కాలం వాళ్లకు ఏడాదిలో చేతినిండా పని దొరికే కాలం. కూలి చాలాచోట్ల ధాన్యంగానే ముట్టేది కాబట్టి బజారులో బియ్యం ధర పెరిగినా ఇంట్లో గాదె ఖాళీ అయ్యేది కాదు. కోత అయిపోయాక చేలో రాలిన పరిగె ఏరుకుంటే పిల్లలకు, ముసలివాళ్లకు కొన్నాళ్ల గాసం దొరికేది. ఇదంతా స్వర్ణయుగమని నేననడం లేదు. నడుము వంచి రోజంతా కొడవలి పట్టిన మనిషికి ఆ మాట చెబితే నవ్వుతుంది. కానీ ఆ పనిలో ఒక బలం దాగి ఉండేది. పంట పండి నిలబడి, ఆకాశంలో మబ్బు పట్టినప్పుడు కోతకూలీ అవసరం భూస్వామికి ఎక్కువ. జట్టుగా కూడి, ఎకరానికి ఇంత అని గుత్తకు బేరమాడే అవకాశం ఏడాదిలో ఆ కొద్ది రోజులే వచ్చేది. మిగతా కాలమంతా తలదించుకున్న వాడ, ఆ పది పదిహేను రోజులు తలెత్తి మాట్లాడేది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. స్త్రీకీ పురుషుడికీ ఒకే రేటు, ఊరి పెద్ద దయతో నిమిత్తం లేని పని అన్నవి గ్రామీణ కూలి సంబంధాల్లో చిన్న మార్పులు కావు. కోతమిషన్లు అంతకుముందే డెల్టా ప్రాంతాల్లో అడుగుపెట్టినా, వాటి వేగం పెరిగింది మాత్రం కూలీకి ‘రాను’ అనే శక్తి వచ్చిన తర్వాతే. కూలి రేటు ఒక్కటే దీనికి కారణం కాదు. పిల్లలు చదువుల్లోకి వెళ్లారు, యువకులు పట్నం చేరారు, వాతావరణం నమ్మకం లేకుండా పోయింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎకరం చేను గంటలో కోసి గింజలు చేతికిచ్చే యంత్రాన్ని కాదనమని నాలుగెకరాల కౌలురైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆ కౌలురైతుల్లోనూ దళితులు, బీసీలు ఉన్నారు.

అయితే ఇక్కడ ఊరి మాటతీరులో వచ్చిన ఒక మార్పు గమనించదగినది. కూలి పెరిగినప్పుడు ‘కూలీలు సోమరులయ్యారు’, ‘ఉపాధి హామీ వ్యవసాయాన్ని నాశనం చేసింది’, ‘పనుల కాలంలో ఆ పథకం ఆపేయాలి’ అన్న మాటలు రచ్చబండ నుంచి శాసనసభ దాకా వినిపించాయి. కానీ చేలో నీరు నిలిచి టైరు మిషన్ దిగలేనప్పుడు చైన్ మిషన్ యజమాని గంటకు అడిగినంతా ఇవ్వవలసి వస్తుంది. వాన ముంచుకొచ్చినప్పుడు ఆ అద్దె ఇంకా పెరుగుతుంది. అప్పుడు రైతు బాధపడతాడు, అప్పు చేస్తాడు, అధికారులకు మొరపెట్టుకుంటాడు. మిషన్ యజమానిని సోమరి అని మాత్రం ఎవరూ అనరు. అవసరం చూసి రేటు పెంచడం యజమాని చేస్తే వ్యాపారం, కూలీ చేస్తే పొగరు! అద్దె రూపంలో ఇచ్చే డబ్బు ఊరు దాటి మిషన్ వచ్చిన ఊరికి, ఫైనాన్స్ కంపెనీకి, డీజిలు బంకుకు పోతుంది. కూలిగా ఇచ్చినది వాడలోనే, ఊరి కిరాణా కొట్లోనే తిరిగేది.

మిషన్ కోసిన చేలో ఏరుకోవడానికి పరిగె ఉండదు. గడ్డి నలిగి చెల్లాచెదరవుతుంది. దాన్ని చుట్టడానికి మరో యంత్రం కావాలి, లేదా అగ్గిపుల్ల కావాలి. ఒక గేదెను పెట్టుకుని బతికే భూమిలేని ఇంటికి కోతల కాలంలో ఊరికే దొరికే మోపెడు గడ్డి ఇప్పుడు కొనవలసిన సరుకు. యంత్రం వల్ల ధరలు తగ్గుతాయన్న సూత్రం రైతు కోత ఖర్చు వరకు కొంత నిజం కావచ్చు. కూలీ ఇంటి లెక్కలో మాత్రం డబ్బు పెట్టకుండా దొరికే రెండు మూడు వస్తువులకు కొత్తగా ధర వచ్చి చేరింది.

ఇదే చేలో యంత్రం ఇంకా పూర్తిగా చేరని పనులూ చూడండి. నాట్లు ఇప్పటికీ చాలావరకు చేతులతోనే పడుతున్నాయి. తెలంగాణలో ఆ చేతులు కొన్నేళ్లుగా బీహార్, బెంగాల్ నుంచి కూడా వస్తున్నాయి. పత్తి ఏరడం నేటికీ స్త్రీల వేళ్ల మీదే నడుస్తోంది, కిలోకు ఇంత అని. అంతకంటే తక్కువ కూలికి మరొకరు దొరికినంత కాలం యంత్రానికి తొందర ఉండదు.

ఇప్పుడు మ్యాన్‌హోల్ దగ్గరికి వద్దాం. పాకీ పనిని, పొడి మరుగుదొడ్లను నిషేధిస్తూ పార్లమెంటు 1993లో చట్టం చేసింది. మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులను కూడా పరిధిలోకి తెస్తూ 2013లో మరో చట్టం వచ్చింది. 1993 నుంచి మురుగుకాల్వల్లో చనిపోయిన ప్రతి కార్మికుడి కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. బెజవాడ విల్సన్ నాయకత్వంలో సఫాయి కర్మచారీ ఆందోళన్ దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి లెక్కలు తీసి కోర్టుల ముందు పెట్టకపోతే ఈ తీర్పులు వచ్చేవి కావు. అయినా 2019 నుంచి 2023 వరకు మురుగుకాల్వలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఈ మరణాలను ప్రభుత్వం పాకీ పని మరణాలుగా ఒప్పుకోదు. ‘ప్రమాదకర శుభ్రత’ అన్న వేరే పద్దులో రాస్తుంది. పద్దు మార్చగానే పాకీ పని వల్ల దేశంలో ఎవరూ చనిపోలేదని సభలో చెప్పడానికి వీలవుతుంది.

మురుగుకాల్వలోకి నీటిని ఒత్తిడితో పంపే, బురదను లాగే యంత్రాలు అందుబాటులో లేక ఈ చావులు జరిగాయా? అలాంటి యంత్రాలు ప్రపంచంలో ఎంతోకాలంగా ఉన్నాయి. మన నగరాల్లోనూ ఉన్నాయి. కేరళ యువ ఇంజనీర్లు తయారు చేసిన బ్యాండికూట్ రోబోను తిరువనంతపురంలో 2018లోనే వాడకంలోకి తెచ్చారు. పెద్ద లారీ మీది యంత్రం ఇరుకు గల్లీలోకి పోలేదన్నది చాలాకాలం చెప్పిన సాకు. వరిచేలో బురద ఉంటే చైన్ మిషన్ తెచ్చుకున్న సమాజం, గల్లీ ఇరుకైతే మాత్రం మనిషిని దించింది. సబ్‌కాంట్రాక్టరు దృష్టిలో లెక్క చాలా సులువు. యంత్రానికి అద్దె, డీజిలు, డ్రైవరు జీతం కావాలి. మనిషికి కొన్ని వందల రూపాయలు, కొన్నిచోట్ల దాంతోపాటు ఒక మందు సీసా చాలు. చనిపోతే పరిహారం కట్టవలసింది తాను కాకపోవచ్చు. కేసు పెట్టినా శిక్ష పడటం బహు అరుదు.

రైల్వేలది మరీ విచిత్రమైన కథ. పట్టాల మీద పడే మలాన్ని చేతులతో ఎత్తే పని దశాబ్దాల పాటు సాగింది. పెట్టెల్లో బయో టాయిలెట్లు అమర్చే పని దాదాపు పూర్తయ్యేసరికి 2019 వచ్చింది. అందుకు చూపిన కారణాలలో పట్టాలు తుప్పు పట్టడం ఒక ముఖ్య కారణం. 2012లో నివేదిక ఇచ్చిన కాకోద్కర్ భద్రతా కమిటీ ఈ తుప్పు సంగతి ప్రస్తావించింది. ఇనుము తుప్పు పడితే లెక్కల పుస్తకంలో నష్టం కనబడుతుంది. ఆ పట్టాల మీద వంగిన మనిషికి జరిగేది ఏ పద్దులోనూ కనబడదు.

యంత్రం రావడమే పరిష్కారమా అంటే, వచ్చిన యంత్రం ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. అంబేడ్కర్ 1945లో గాంధీవాదాన్ని విమర్శిస్తూ ఈ సంగతి స్పష్టం చేశారు. యంత్రాన్ని నిందించి లాభం లేదని, దాని ఫలాన్ని కొందరికే కట్టబెట్టే సమాజ నిర్మాణాన్ని మార్చాలని ఆయన వాదం. గొడ్డుచాకిరీ నుంచి విరామం దొరకనిదే మనిషికి సంస్కృతి దక్కదని, ఆ విరామం యంత్రమే ఇవ్వగలదని ఆయన నమ్మారు. చేతిపనిని కీర్తించేవారు తాము ఆ పని చేయవలసిన అవసరం లేనివారని ఆయనకు బాగా తెలుసు.

మన ఊళ్లలో దీనికి పాత ఉదాహరణ మోట. బావి నుంచి నీరు తోడే తోలు బొక్కెన, దాని తొండం, వార్లు మాదిగలు కుట్టి ఇచ్చేవారు. కరెంటు మోటారు వచ్చాక ఆ పని పోయింది. దాంతోపాటు పిలిచినప్పుడల్లా పరుగెత్తవలసిన వెట్టి కూడా కొంత పోయింది కాబట్టి ఆ పోవడాన్ని ఎవరూ ఏడుస్తూ తలుచుకోరు. కానీ మోటారు రివైండింగ్ షాపు, స్టార్టర్లు అమ్మే దుకాణం, బోరు వేసే లారీ ఎంతమంది మాదిగల చేతికి వచ్చాయి? పని పోయింది ఒక వాడలో, దాని స్థానంలో వచ్చిన వ్యాపారం వెలసింది మరో వీధిలో. కోతమిషన్ విషయంలోనూ అదే జరిగింది. యంత్ర పరికరాల కొనుగోలుకు కేంద్ర పథకం కింద ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులకు, స్త్రీలకు 50 శాతం, ఇతరులకు 40 శాతం సబ్సిడీ అని నిబంధనలు చెబుతాయి. కానీ మిగతా సగం తేవడానికి బ్యాంకుకు చూపవలసినది భూమి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల విస్తీర్ణంలో ఎస్సీల వాటా 9 శాతం లోపే. భూమి లేనివారికి ఆ సబ్సిడీ కాగితం మీది దయ.

ఈ నేపథ్యంలో హైదరాబాద్ జలమండలి 2017లో చేసిన ప్రయత్నాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. ఇరుకు గల్లీల్లోకి వెళ్లే మినీ జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీ తోడ్పాటుతో రంగంలోకి దించింది. 2019లో ఢిల్లీ జల మండలి అదే దారిలో 200 యంత్రాలు తెచ్చింది. యంత్రానికి కూలీ బదులు దళితుడు యజమాని కావడం చిన్న విషయం కాదు. అయినా నాకొక పేచీ ఉంది. మురుగు అనగానే దళితుడే గుర్తుకు రావడం అన్న అలవాటు ఈ పథకాల్లోనూ మారలేదు. చేతిలోంచి గంప పోయి రుణవాయిదాల యంత్రం వచ్చింది. దళిత మహిళా సంఘానికి కోతమిషన్ ఇవ్వాలని, డ్రోన్ ఇవ్వాలని అదే చొరవతో ఎందుకు తట్టదు? మురుగు పనివారి వివరాలు సేకరిస్తున్న ‘నమస్తే’ పథకం లెక్కల్లో, 2024 డిసెంబరు నాటికి గుర్తించిన 54 వేల పైచిలుకు మందిలో దాదాపు 68 శాతం ఎస్సీలు. అన్ని కులాల వారినీ యంత్రం ఆపరేటర్లుగా శాశ్వత ఉద్యోగాల్లో, సాంకేతిక సిబ్బంది జీతంతో, నియమిస్తే ఈ అంకె ఎంత త్వరగా మారుతుందో చూడవచ్చు. పని చేసే చేయి మురుగుకు తగలకపోతే జీతం, గౌరవం పెరిగి ఇతరులు కూడా ఆ ఉద్యోగాలకు పోటీ పడతారు. అలా పోటీ పడే రోజున దళితుల వాటా జాగ్రత్తగా కాపాడుకోవలసి రావచ్చు, అది వేరే పోరాటం.

కృత్రిమ మేధ మీద కమిటీలు వేస్తున్నారు, నైపుణ్య శిక్షణ అంటున్నారు, ఉద్యోగం పోయిన ఇంజనీరును ఎలా ఆదుకోవాలో ఆలోచిస్తున్నారు. చేయవలసిందే. అదే కమిటీ కోతల కాలం కోల్పోయిన స్త్రీకి ఏమి శిక్షణ ఇచ్చామో, పరిగె పోయిన ఇంటికి ఏమి ఇచ్చామో కూడా రాయాలి. రాబోయే జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. కులం పక్కన చదువు, వృత్తి అడుగుతారు. ఊళ్లో ఉన్న ట్రాక్టరు, కోతమిషన్, బోరు లారీ, నగరంలోని జెట్టింగ్ యంత్రం, సెప్టిక్ ట్యాంకరు ఏ కులం వారి పేరు మీద ఉన్నాయో, వాటి మీద ఏ కులం వారు కూలికి పని చేస్తున్నారో తెలిపే రెండు గడులు ఆ ఫారంలో చేర్చమని విద్యార్థి సంఘాలు ఇప్పటి నుంచే అడగాలి.