గ్రీనింగ్ తెగులు సోకిన చీనీ ఆకులలో ఖనిజ పోషకాలు

రాయలసీమలోని సున్నపు నేలలలో చీనీ ఆకులు పసుపు రంగుకు మారినపుడు ముందుగా స్ఫురించేది జింకు లోపమే. ఆ అనుమానం చాలాసార్లు నిజమే కూడా. అట్టి తోటలలో లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేస్తే కొత్త చిగుళ్లు తేరుకుంటాయి. ఎన్నిసార్లు పిచికారీ చేసినా తేరుకోని చెట్లలో మాత్రం లోపం నేలలో కాక చెట్టు నాళాలలో ఉండవచ్చు.

గ్రీనింగ్ తెగులుకు కారణమైన కాండిడేటస్ లిబెరిబాక్టర్ ఏషియాటికస్ అనే బ్యాక్టీరియా చెట్టులో ఆహారాన్ని చేరవేసే ఫ్లోయం నాళాలలో జీవిస్తుంది. సిల్లా పురుగుల ద్వారాను, తెగులు సోకిన చెట్ల నుండి తీసిన అంటు మొగ్గల ద్వారాను ఇది వ్యాపిస్తుంది. (ఈ పురుగు పెరటి కరివేపాకు మీద కూడా పెరుగుతుంది.) ఫ్లోయం మూసుకుపోయినపుడు ఆకులో తయారైన పిండిపదార్థం వేర్లకు చేరక అక్కడే పేరుకుంటుంది. ఆహారం అందని పీచువేర్లు నశిస్తాయి. తత్ఫలితంగా ఆకులలో కాల్షియం, మెగ్నీషియం, జింకు, మాంగనీస్, ఇనుము సాధారణంగా తగ్గుతాయి. పొటాషియం మాత్రం తరచుగా పెరుగుతుంది.

పత్ర విశ్లేషణలో ఒక చిక్కు ఉంది. ఫలితాలను ఎండు బరువు ప్రాతిపదికన లెక్కిస్తారు. పేరుకున్న పిండిపదార్థం వల్ల ఆకు ఎండు బరువు నాలుగో వంతు పెరిగిందనుకొంటే, ఆకులోని జింకు ఏమాత్రం తరగకపోయినా నివేదికలో 25 పిపిఎం కాస్తా 20 పిపిఎంగా కనిపిస్తుంది. అందుచేత అనుమానాస్పద చెట్ల ఫలితాలను ఆకు వైశాల్యం ప్రాతిపదికన కూడా పరిశీలించడం మేలు.

జింకు లోపంలో నడి ఈనెకు ఇరువైపులా పసుపు ఒకే తీరున ఉంటుంది. గ్రీనింగ్ మచ్చలు రెండు వైపులా సరిపోలవు. అయోడిన్ పరీక్షలో తెగులు సోకిన ఆకు ముదురు నలుపు రంగుకు తిరుగుతుంది. అయితే కొమ్మ బెరడు దెబ్బతిన్నా ఆకులలో పిండిపదార్థం చేరుతుంది గనుక పీసీఆర్ నిర్ధారణ అవసరం.

ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడిన తరువాత అనేక తోటలలో సూక్ష్మపోషకాల పిచికారీని ఆశ్రయించారు. అది ఆకులలో బ్యాక్టీరియాను తగ్గించినట్లు అక్కడి క్షేత్ర పరీక్షలలో తేలలేదు. ఆకులు పచ్చబడినా ఆ చెట్టు నుండి సిల్లా పురుగులు తెగులును పక్క చెట్లకు మోస్తూనే ఉంటాయి. కనుక ఒక తోటలో పసుపు చెట్లు అక్కడక్కడ విడివిడిగా కనిపిస్తే వాటి ఆకులను ఆరోగ్యవంతమైన చెట్ల ఆకులతో కలిపి ఒకే నమూనాగా పంపరాదు. సగటు విలువలో ఆ చెట్ల జాడ కనుమరుగవుతుంది.