ఆక్సిజన్ కొరతే రక్తనాళానికి దారి

1940ల్లో అమెరికాలో ఓ వింత జబ్బు బయటపడింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు కొత్త ఇంక్యుబేటర్ల పుణ్యమా అని బతికి బట్టకడుతున్నారు. తీరా కొన్ని నెలలకు చూస్తే కంటిపాప వెనక తెల్లటి పొర! బోస్టన్ కంటి వైద్యుడు థియోడర్ టెర్రీ 1942లో దీన్ని మొదట వర్ణించారు. ఆ తర్వాతి పదేళ్లలో ప్రపంచం మొత్తంమీద సుమారు 10,000 మంది పసివాళ్లకు చూపు పోయింది. వసతులు బాగున్న ఆసుపత్రుల్లోనే ఈ జబ్బు ఎక్కువ. ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చిన చోటే కళ్లు పోతున్నాయని 1951లో మెల్‌బోర్న్ పిల్లల వైద్యురాలు కేట్ కాంప్‌బెల్ లెక్క తీసి చూపారు. అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి జరిపిన అధ్యయనం 1954లో ఆ మాటే ఖాయం చేసింది.

ప్రాణం నిలిపే వాయువు కంటిని ఎందుకు కాటేసింది?

గర్భంలో బిడ్డ ధమనుల రక్తంలో ఆక్సిజన్ పీడనం దాదాపు 30 మిల్లీమీటర్ల పాదరసానికి మించదు. మనలో అది 100 దాకా ఉంటుంది. పిండానికి ఈ కొరత శాపం కాదు, అవసరం. కణజాలం పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు ఆ కణాలే కబురు పెట్టి రక్తనాళాన్ని తమ దగ్గరికి రప్పించుకుంటాయి.

కబురు పెట్టే పద్ధతి తమాషాగా ఉంటుంది. ప్రతి కణమూ హిఫ్ అనే ప్రొటీన్‌ను ఎడతెగకుండా తయారు చేస్తూనే ఉంటుంది, అయిదు నిమిషాలు తిరక్కుండానే నాశనం చేస్తూనే ఉంటుంది. ఒకరు అర్జీ రాస్తుంటే పక్కనే కూచుని మరొకరు చించేస్తున్నట్టు! ఈ చించివేతను మొదలుపెట్టే ఎంజైమ్‌కు పనిముట్టు ఆక్సిజనే. ఆక్సిజన్ ఉంటే అది హిఫ్ మీద ఒక గుర్తు వేస్తుంది, ఆ గుర్తును వీహెచ్ఎల్ అనే ప్రొటీన్ పట్టుకుని విధ్వంసానికి అప్పగిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. హిఫ్ బతికిపోయి కేంద్రకంలోకి చేరి, వందలాది జన్యువులను మేల్కొల్పుతుంది. ఈ గుట్టు విప్పిన గ్రెగ్ సెమెన్జా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు 2019లో నోబెల్ వచ్చింది.

హిఫ్ మేల్కొల్పే జన్యువుల్లో ఒకటి వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను తయారు చేయిస్తుంది. కణం పంపే కబురు అదే. అది ఎటునుంచి చిక్కగా వస్తుంటే అటువైపు, దగ్గర్లోని రక్తనాళం అంచున ఉన్న ఒక కణం సన్నటి పోగులు చాచి ముందుకు పాకుతుంది. పక్క కణాలను తనతో పోటీపడవద్దని అదుపు చేస్తుంది. అవి దాని వెనకే విభజన చెందుతూ గొట్టంగా మారతాయి. నెత్తురు చేరుతుంది, ఆక్సిజన్ పెరుగుతుంది, హిఫ్ మళ్లీ నాశనమవుతుంది, కబురు ఆగిపోతుంది. ఈ కబురు మోతాదు ఎంత సున్నితమంటే, వీఈజీఎఫ్ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి తీసేసినా ఎలుక పిండాలు గర్భంలోనే చనిపోయాయని 1996లో తేలింది.

ఇక కంటి సంగతి. రెటీనాలో రక్తనాళాలు గర్భం దాదాపు 16వ వారంలో నేత్రనాడి దగ్గర మొదలై, నెలలు నిండే వేళకు గానీ అంచులు చేరవు. 28 వారాలకే పుట్టిన బిడ్డకు ఆ అంచులు ఇంకా ఖాళీ. అలాంటి బిడ్డకు ఆక్సిజన్ దండిగా ఇస్తే కొరత తీరిపోతుంది, కబురు ఆగుతుంది, నాళాలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. కొన్ని వారాలకు రెటీనా ఎదిగి ఆకలిగొంటుంది. నాళం లేని అంచుల నుంచి వీఈజీఎఫ్ వెల్లువెత్తుతుంది. అప్పుడు పుట్టే నాళాలు పిచ్చిగా అల్లుకుని, కారి, మచ్చకట్టి, రెటీనాను ఊడదీస్తాయి. అసలు గర్భంతో పోలిస్తే మన మామూలు గాలే ఆ బిడ్డకు ఎక్కువ.

అలాగని ఆక్సిజన్ బిగబట్టడమూ కుదరదు. 1954 తర్వాత అదే చేశారు. కాపాడిన ఒక్కో చూపుకు దాదాపు 16 ప్రాణాలు పోయి ఉంటాయని 1973లో ఒక బ్రిటిష్ అంచనా వచ్చింది. రక్తంలో ఆక్సిజన్‌ను నిరంతరం కొలుస్తూ, ఎక్కువా తక్కువా కాకుండా నిలపడమే ఇప్పటి పద్ధతి. జబ్బు ముదిరితే లేజర్‌తో నాళాలు లేని అంచులను కాలుస్తారు. బాగున్న చోటును కాలుస్తారేమని తల్లిదండ్రులు కంగారు పడతారు గానీ, కబురు పెడుతున్నవి ఆ కణాలే. లేదంటే వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ కంట్లోకి ఇస్తారు.

ఈ జబ్బు మొదట్లో బయటికేమీ కనబడదు. తెల్లపొర కనబడేసరికి చాలామటుకు ఆలస్యమైపోతుంది. మన దేశంలో 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోలకన్నా తక్కువ బరువున్నా, 30 రోజుల లోపు రెటీనా పరీక్ష చేయించాలన్నది నియమం. 28 వారాల లోపు పుట్టినవాళ్లకు, 1,200 గ్రాములు లేనివాళ్లకు రెండు మూడు వారాలకే చేయించాలి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఏళ్ల తరబడి ఈ పరీక్షలు చేస్తోంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి పసిబిడ్డ ఉంటే, డిశ్చార్జి కాగితం మీద కంటి పరీక్ష తేదీ రాయించుకోండి.