యంత్రపాఠములు - బుద్ధి సోపానములు

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి కారణముగ పాఠశాలలు మూతపడినది మొదలు, పెక్కు గృహములలో సెల్‌ఫోనే పలక యైనది. పాఠశాలలు తెరచినను ఆ పలక మన యిండ్లను విడువలేదు. కాడుగోడి ప్రాంతమునందలి తెలుగు బాలబాలికలు పెక్కుమంది వీధిలో కన్నడమును, తరగతిలో ఆంగ్లమును, ఇంటిలో తెలుగును విని పెరుగుచున్నారు. ఆ తెలుగును నేర్పుటకు సైతము నేడు యంత్రపాఠము లున్నవి. వానిలో మేలైనదానిని తల్లిదండ్రులు గుర్తించుట యెట్లు? దీనికి విద్యావేత్తలు చూపిన కొలబద్ద యొకటి కలదు.

చికాగో విశ్వవిద్యాలయాచార్యుడు బెంజమిన్ బ్లూమ్ (1913-1999), ఆయన సహచరులు కలిసి 1956లో విద్యాలక్ష్యముల వర్గీకరణమును ప్రకటించిరి. పరీక్షలలో ఏ ప్రశ్న బుద్ధియొక్క ఏ శక్తిని శోధించుచున్నదో తేల్చుకొనుట వారి యుద్దేశము. జ్ఞానము, అవగాహనము, వినియోగము, విశ్లేషణము, సంశ్లేషణము, మూల్యాంకనము అను ఆరు మెట్లను వారు నిర్ణయించిరి. 2001లో ఆండర్‌సన్, క్రాత్‌వోల్ ప్రభృతులు దీనిని సవరించి, వానిని క్రియలుగ మార్చిరి: జ్ఞప్తియందుంచుకొనుట, గ్రహించుట, వినియోగించుట, విశ్లేషించుట, విలువకట్టుట, సృజించుట.

మన యూరి మెట్రో రైలునే పాఠముగ తీసికొందము. వైట్‌ఫీల్డు-కాడుగోడి స్టేషను ఊదారంగు మార్గమున కొక కొస; రెండవ కొస యేది? చల్లఘట్ట. ఇది జ్ఞప్తి. మార్గపటమును చూచి ప్రయాణమును స్వంతమాటలలో వివరించిన నది గ్రహణము. మెజెస్టిక్కునకు పదిగంటలకు చేరవలెనన్న ఎప్పుడు బయలుదేరవలెనో లెక్కకట్టుట వినియోగము. 2023 మార్చిలో కృష్ణరాజపురము వరకే తెరచిన మార్గము, అక్టోబరులో బయ్యప్పనహళ్లితో కలిసిన పిమ్మట ప్రయాణికుల కెట్లు మిక్కిలి యుపకరించెనో కారణములు వెదకుట విశ్లేషణము. బస్సు మేలా, రైలు మేలా యని కారణములతో తీర్పు చెప్పుట విలువకట్టుట. ఊరినుండి తొలిసారి వచ్చు నాయనమ్మకు దారి తెలుపుచు తెలుగున నొక చీటి వ్రాయుట సృజనము.

ఇక యంత్రపాఠములను పరిశీలింపుడు. బొమ్మకు పదమును జతచేయుట, సరియైన యక్షరమును తాకుట, మార్కులు, నక్షత్రములు - ఇవి యధికభాగము మొదటి మెట్టునకు చెందినవే. ఆ మెట్టు తక్కువది కాదు. అక్షరములు రానివాడు చీటి వ్రాయలేడు గదా! విసుగు లేక నూరుమార్లు అభ్యసింపజేయుటలో యంత్రమునకు సాటి లేదు. అయినను నూటికి నూరు మార్కులు వచ్చిన బాలుడు నాయనమ్మతో నాలుగు వాక్యములు పలుకలేకున్న, ఆ మార్కు లేమి కొలిచినట్లు? పై మెట్లయందు మరియొక చిక్కు కలదు. కృత్రిమమేధ నేడు వ్యాసమునే వ్రాసి యిచ్చుచున్నది. అట్టి వ్యాసమును బాలుడు తెచ్చి చూపిన, రచించినది యంత్రము. బాలుడు నేర్చిన దేమున్నది?

కావున యంత్రపాఠమును కూర్చువారు మొదట లక్ష్యమును, పిదప దానికి తగిన ప్రశ్నను, కడపట యంత్రమును ఎన్నుకొనవలెను. పటము గాని వీడియో గాని యింపుగ నున్నంత మాత్రమున పాఠము కాజాలదు. అభ్యాసమును యంత్రమునకు విడిచి, చర్చను, రచనను ఉపాధ్యాయుని యెదుట, తల్లిదండ్రుల యెదుట జరుపుట యుక్తము.

ఆ 1956వ సంవత్సరమందే మన రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాక వర్గముల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రతిరాష్ట్రమును యత్నింపవలెనని యది చెప్పుచున్నది. సౌకర్యము లభించినను, తెలుగు మొదటి మెట్టుననే నిలిచిపోకుండ చూచుట మన పని. పాఠము ముగిసి ఫోను ప్రక్కన పెట్టిన పిమ్మట బిడ్డను మూడు ప్రశ్న లడుగుడు: నేడేమి చదివితివి? అది యట్లేల జరిగినది? నీవైన నేమి చేసియుందువు? ఆ ప్రత్యుత్తరములను తెలుగుననే, తొందరపెట్టక వినుడు.