మీకు తెలుసా? అది కార్బురేటర్ కాదు!

ట్రయంఫ్ బోనవిల్ ఇంజన్ పక్కన మెరిసే ఆ జంట కార్బురేటర్లు కార్బురేటర్లే కాకపోవచ్చు. 1959లో పుట్టిన ఈ బ్రిటిష్ బండిని పాత రూపుతోనే 2001లో మళ్లీ మార్కెట్‌కి తెచ్చారు. మొదట్లో పెట్టినవి నిజం కార్బురేటర్లే. పొగ నిబంధనలు బిగిసి 2008-09లో ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాల్సి వచ్చినప్పుడు, ఆ సరంజామానంతా అచ్చం కార్బురేటర్‌లా కనిపించే తొడుగుల్లో దాచేశారు. 2016లో వచ్చిన 1200 సీసీ బోనవిల్ ఇంకో మెట్టు ఎక్కింది. దాని ఇంజన్‌ని చల్లబరిచేది కూలెంట్. అయినా గాలికి చల్లబడే ఇంజన్‌కి ఉన్నట్టే రెక్కలున్నాయి, రేడియేటర్ మాత్రం ఫ్రేమ్ గొట్టాల మధ్య సన్నగా నక్కి ఉంటుంది. దీన్ని మోసమనలేం. కొనేవాడు అడిగిందీ అదే కదా: తాత పోలిక, మనవడి ఆరోగ్యం.

బుల్లెట్ కథ వేరు. అది తిరిగి రాలేదు, ఎందుకంటే అసలు పోనే లేదు. ఇంగ్లండ్‌లో 1932లో మొదలైన ఆ పేరు 1955లో మద్రాసు చేరింది. పుట్టినచోట తయారీ ఆగిపోయాక, 1977 నుంచి మద్రాసు బుల్లెట్లే ఇంగ్లండ్‌కి ఎగుమతయ్యాయి!

పాత 350 బుల్లెట్ సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 90. అదే కంపెనీ 2021లో తెచ్చిన కొత్త క్లాసిక్ 350లో అవి 72, 85.8. అప్పుడు 346 సీసీ, ఇప్పుడు 349. హార్స్‌పవర్ కూడా 18 నుంచి 20కి పెరిగిందంతే. ఇంతోటి దానికి కొత్త ఇంజన్ ఎందుకంటారా? అసలు మార్పు లోపల తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్‌లో ఉంది. పిస్టన్ పుట్టించే అదురును అది చాలావరకు మింగేస్తుంది. పాత బండి అద్దంలో వెనకొచ్చే లారీ రెండు లారీలుగా కనిపించేది. ఆ అదురే బుల్లెట్‌కి ప్రాణం అని వాదించేవాళ్లకి నా జవాబు ఒక్కటే, వరసగా మూడొందల కిలోమీటర్లు నడిపి వచ్చాక మాట్లాడండి.

పాత బుల్లెట్ హెడ్‌లైట్ పైనుండే ఆమీటర్‌ను అలంకారం అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి కిక్కు కొట్టేవాడికి దారి చూపింది అదే. తాళం తిప్పి కిక్ రాడ్డును మెల్లగా తొక్కుతుంటే, ఇగ్నిషన్ పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, విడిపోగానే నడిమికి వస్తుంది. అంటే పిస్టన్ పైకొచ్చేసినట్టు. అప్పుడు డీకంప్రెసర్ లివర్ నొక్కి, పిస్టన్‌ను కాస్త దాటించి, లివర్ వదిలేసి ఒక్క కిక్కు కొట్టాలి. లెక్క తప్పితే రాడ్డు ఎదురు తన్నేది. 2021 క్లాసిక్‌కి కిక్కే లేదు, బటన్ నొక్కితే చాలు. కాకపోతే బ్యాటరీ పూర్తిగా పడుకుంటే తోసి స్టార్ట్ చేయడమూ కష్టమే. ఇంజెక్షన్ పంపుకి కూడా కరెంటు కావాలి మరి.

పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. కొత్త బండికి అలవాటుపడ్డ కుర్రాడు తాతగారి బండెక్కి, కుక్క అడ్డొచ్చిందని కుడికాలు అదిమితే పడేది గేరే. బోనవిల్‌కి కూడా గేరు మొదట కుడివైపే ఉండేది. 1970ల మధ్యలో అమెరికా ప్రభుత్వం గేరు ఎడమవైపే ఉండాలని నిబంధన పెట్టాక అటు మారింది.

జావా సంగతి ఇంకా తమాషా. మైసూరులో తయారైన పాత 250 సీసీ జావాకి గేరు రాడ్డే కిక్ రాడ్డు! స్టార్ట్ చేసేటప్పుడు పైకి తిప్పి కిక్కు కొట్టి, మళ్లీ దించి దాంతోనే గేర్లు వేసేవాళ్లు. సిలిండర్ ఒక్కటే, సైలెన్సర్లు మాత్రం రెండు. 2018లో తిరిగొచ్చిన 293 సీసీ జావాకీ ఒక్క సిలిండరే, రెండు సైలెన్సర్లే. చూసి వేషమనుకుంటారు గానీ అది వంశపారంపర్యం. టూ స్ట్రోక్ పోయి ఫోర్ స్ట్రోక్ వచ్చింది, పెట్రోల్లో ఆయిల్ కలిపే పని తప్పింది.

బ్రేకుల దగ్గర మాత్రం నాకు పాత బండి మీద మమకారం లేదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ పైబడ్డ ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి. వానాకాలం తడిరోడ్డు మీద డ్రమ్ బ్రేకుని నమ్ముకున్నవాళ్లకి దాని విలువ చెప్పనక్కర్లేదు.

ఇంతా చదివి పాతదే కావాలంటే కాగితాల సంగతి చూసుకోండి. 50 ఏళ్లు దాటి, ఇంజన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకునే వీలు 2021లో వచ్చింది. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకి ఫీజు 20,000 రూపాయలు. ఆ నంబరుతో ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు పోయించుకోడానికి, మరమ్మతుకి వెళ్లొచ్చు గానీ రోజూ ఆఫీసుకి వెళ్లకూడదు. వెళ్లాలంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే నిలబెట్టుకోవాలి. 15 ఏళ్లు నిండాక అయిదేళ్లకోసారి ఆర్టీఓ ఆఫీసు మెట్లెక్కాల్సిందే.